వంతెన లేని యేఱు

శరదృతువు కడముట్టి హేమంతము గడపలో నడుగిడు దినములవి. చీనాదేశమున యాంగ్ట్సీ మహానదిలో గలియు నొకానొక యుపనది కిరుగడల విస్తరించిన చింగ్‌షీ నగరము నా దినములలో నొకమాఱు చూచినవారు మఱల జూడక మానరు. నదీముఖమునుండి లేచిన ధవళనీహారము వీధివీధిని నిండి పెంకుటిండ్ల చూరులను గప్పి బాలసూర్యకిరణస్పర్శచే మెల్లమెల్లగా గరగుచుండ నారింజతోటలలోని పక్వఫలములు తెరమాటునుండి యొక్కొక్కటిగా వెలికి వచ్చును. గాజుపలకల నెఱుగని యా కాలమున జలిగాలిని వెలుపల నిలిపి వెలుతురును లోనికి రానిచ్చుటకు గాగితమే దిక్కు గనుక నగరమందలి గృహిణులందఱును గంజిగిన్నెలు చేత బట్టి గవాక్షముల జీర్ణపత్రములను జించివైచి క్రొత్త కాగితముల నంటించుచు నీ కిటికీనుండి యా కిటికీకి గబుర్లు చెప్పుకొందురు. ఆ వారము దినములు ఊరంతయు గంజివాసన కొట్టును.

అంతటి తెల్లని నగరమున జిత్రకారుల వాడలోని యొక్క యింటి కిటికీలు మాత్రము నల్లనల్లని మచ్చలతో నిండి యిరుగుపొరుగువారికి నవ్వులాటగా నుండెడివి. అది యెన్ షూబాయ్ అను చిత్రకారుని గృహము. వర్షధారాభిషిక్తవేణువనములను శరచ్చంద్రికాధౌతశైలశిఖరములను వర్ణముల నంటక కేవలము నీటితోడను మసితోడను గన్నులకు గట్టించు నేర్పు మింగువంశప్రభువుల యేలుబడిలో నా మండలమున నతనికే చెల్లినది. ఆ నేర్పునకు దగినంత తలబిరుసును గలదు. వాకిటికి వచ్చిన శ్రీమంతుని మాట నచ్చకున్న బల్లకీ దిగకముందే త్రిప్పి పంపెడివాడు. భార్య గతించినది. కూతురు సూహే యొక్కతియే యతని యింటికి దీపము.

కిటికీల మచ్చల కథ యిట్టిది. ఆ దేశపు చిత్రకారులు పలుచని కాగితము క్రింద మఱియొక కాగితమును బఱచుకొని చిత్రింతురు. పైకాగితము పీల్చుకొనగా మిగిలిన మసి క్రిందిదానిలోనికి దిగును. పని ముగిసినపిమ్మట నా యడుగుకాగితమును బొయ్యిలో వైచుట లోకమర్యాద. సూహే యట్లు చేయక వానినెల్ల బదిలపఱచి హేమంతము రాగానే కిటికీల కంటించెడిది.

"లోకులు నా పటములను బట్టుగుడ్డలపై నంటించి గోడల వ్రేలగట్టుచుండ నీవు నా మరకలను గిటికీల కంటించి నన్ను నవ్వులపాలు సేయుచుంటి వేమమ్మా?" యని తండ్రి వేళాకోళము చేసెడివాడు.

"పటములన్నియు బెద్దవారి యిండ్లకు బోవును నాయనా. మనకు మిగులునవి మరకలే. మనసొమ్ము మన కిటికీ కెక్కిన దప్పేమి?" యని కూతురు గంజి కలుపుచునే బదులు చెప్పెడిది. తండ్రి పకపక నవ్వి యూరకుండెడివాడు.

ఆ వంశమున నాడుబిడ్డకు గుంచె నిచ్చు నాచారము లేదు. మసి నూఱు పని మాత్రము లభించును. పలుదోముకొను వయసునుండియు సూహే తండ్రి ప్రక్కన గూర్చుండి నల్లరాతిపై నీరు చిలికి మసికడ్డిని నూఱుచు వచ్చినది. అతని చేతిని జూచుట కామెకు దీరిక లేదు. రాతిపై దృష్టి తప్పినచో మసి పలుచనగును. అయినను జెవులు రెండును ఖాళీయే గదా. కుంచె కాగితముపై నిలిచినపుడు తండ్రి యూపిరి నిలుచుట యామె వినెను. కుంచె కదలినపుడు ఊపిరి విడుచుట వినెను. ఈ వినికిడి యొకనాటికి దన కన్నము పెట్టునని యామె కలనైన దలపలేదు.

ఇట్లుండ నా మండలము నేలు కో యను నధిపతి యేటిమీద నొక దారుసేతువును గట్టించెను. చక్రవర్తి మెప్పునకై తొందరపడి పచ్చికొయ్యతో గట్టించిన యా వంతెన మఱుసటి వసంతమున వరద రాగా నడిసంతవేళ జనులతోడ గూలి కొట్టుకొనిపోయెను. ఏటికి రెండు గట్టులను శవములు తేలినవి. షూబాయ్ నాడు గట్టుమీదనే యుండి పడవవారితో గలిసి నీట దిగి యెందఱినో యీడ్చెను. ప్రాణముతో నున్నవారు కొందఱే. అధిపతి మాత్రము వంతెన నిక్షేపముగా నున్నదని రాజధానికి విన్నవించి యా మాటకు సాక్ష్యముగా వంతెనపటము నొకదానిని జిత్రించి యిమ్మని షూబాయ్‌కే యాజ్ఞ పంపెను. తక్కిన చిత్రకారుల కుంచె యాస్థానమున నెవ్వరును నమ్మరని యతని యెఱుక.

షూబాయ్ కాదనలేదు. తలుపు గడియ వైచి కూతురిచే మసి నూఱించెను. నాటి యూపిరి సూహే యెన్నడును మఱవలేదు. అంత దీర్ఘముగా నతడు దానిని నిలిపిన దినము మఱియొకటి లేదు.

అధిపతి కొలువుకూటమున నతిథులయెదుట బటము విప్పబడెను. ఈవలిగట్టున నీలాటిరేవు, తొట్టితో వృద్ధురాలు, బుట్టతో వర్తకుడు, కోడిని జంకనిడుకొన్న రైతు. ఆవలిగట్టునను అట్టివారే. వారు వీరిని వీరు వారిని జూచుచు నిలిచియున్నారు. నడుమ నేమియు లేదు. ఆ దేశపు చిత్రములలో నీటిని గీయరు. కాగితమును దెల్లగా విడిచినచో నదియే నీరు. ఈ పటమున నా తెలుపు నడుమనెల్ల నాక్రమించి చూపరుల గుండెలు జల్లుమనిపించెను.

"వంతెన యేది?" యని యధిపతి గర్జించెను.

"ప్రభువులు కట్టించినచోటనే వెదకవలెను" అని షూబాయ్ నిబ్బరముగా బలికెను. "నేను వెదకితిని. నాకు గనబడలేదు."

ఒక్క మాటతో నట్టి మహారాజపురుషుని మొగమున నెత్తురుచుక్క లేకుండ జేసిన యా సాహసమును దలచుకొన్న నేటికిని రోమములు నిక్కపొడుచును. దాని ఫలితమును వెంటనే కలిగెను. ఆ పటమును దీపమునకు బట్టి కాల్చిరి. చిత్రకారుడు పటముల మూల నొత్తు రాతిముద్రను సుత్తితో జిదిపిరి. అతని నుత్తరసరిహద్దునకు గోటకు ఱాళ్లు మోయ బంపవలెననియు మండలమున నతని పటము లెక్కడనున్నను గాల్చి నామమును రూపుమాపవలెననియు శాసనమయ్యెను.

ఏది యతనిదో యేది కాదో నిర్ణయించు పని మెంగ్ అను పండితున కప్పగింపబడెను. చిత్రపరీక్షయం దా మండలమున దిట్ట యతడే. స్వభావమున గ్రూరుడు కాడు. చదివిన చదువుపై మితిమీఱిన విశ్వాసము గలవాడు, అంతే. అతడు భటులతో షూబాయ్ యింటికి వచ్చి పెట్టెలు తీయించి చుట్టలు విప్పించి యొక్కొక్కదాని మూలనున్న ముద్రను వ్రేలితో దడవి నిట్టూర్చుచు మంటకు బంపుచుండెను. పెరటిలో బొగ లేచెను. సూహే స్తంభము నానుకొని నిలిచి చూచుచుండెను. పసినాటినుండి తాను నూఱిన మసియంతయు నామె కన్నులయెదుట మఱల మసియగుచుండెను.

శాసనము మఱియొకమాఱు చదివి చూడవలసివచ్చి మెంగ్ పండితుడు వెలుతురుకై తూర్పుకిటికీ చెంతకు బోయెను. నాడు మబ్బుగా నున్నను ఆ కిటికీలోని యొక పలక నడుమ దెల్లగా నుండి మంచి వెలుతురు నిచ్చుచుండెను. ఆ వెలుతురుననే యతడు శాసనమును జదివెను.

"అయ్యవారూ, ఈ నల్లమచ్చల కాగితములను గూడ జింపుదుమా?" యని యొక భటుడు చేయెత్తెను. సూహే యప్రయత్నముగా నొక యడుగు ముందుకు వైచెను. ఎందుకో యామెకే తెలియదు. ఇంట దండ్రి చేతిజాడ మఱి యెచ్చటను లేదని మాత్రము తెలియును.

పండితుడు తేఱిపాఱ జూచెను. "కర్తృముద్ర లేదు. నామము లేదు. ముద్ర లేనిది చిత్రము కాదు" అని తీర్పు చెప్పి కొంత దయతో నిట్లనియెను. "చలికాలము వచ్చుచున్నది. ఆడుబిడ్డ యింటి కిటికీని జింపకుడు."

ఎంత చదివినవాడైన నేమి? ఏ వంతెనపటమునకై యింత యుపద్రవము పుట్టెనో దాని యడుగుకాగితమే, యా హేమంతారంభమున సూహే యంటించినదే, యాతని మొగమునకు వెలుతురు పట్టినది! రెండువైపుల మచ్చలు, నడుమ మచ్చయే లేని తెలుపు. దానినతడు ముక్కు తగులునంత చెంత నిలిచి చూచెను. ముద్ర కనబడలేదు గనుక చిత్రమును గనబడలేదు.

సంకెలలతో వీథి దాటుచు షూబాయ్ కూతురివంక దిరిగి "నా చేయి యీ దినముతో బోయిన దమ్మా. ఇక నీవు సుఖముగా నుండుము" అని పలికెను. అతనినోట నట్టి ఓడిన మాట వినుట యామె కదే మొదలు. సూహే గుండె ఱాయి చేసికొని తండ్రి కనుచూపు మేర దాటువఱకు నిలిచి యింట బ్రవేశించి తలుపు మూసి తండ్రి చేతిని బోనీయనని తనలో దాను బ్రతిన పట్టెను. ఒట్టు పెట్టుకొనుట సులభమే. కుంచె యేనాడును బట్టని చేయి యామెది.

మఱునాటి యుదయమున సూర్యబింబము తోటల మీదికి రాగా తూర్పుకిటికీ మచ్చలన్నియు వెలుగునం దేలి నిలిచెను. సూహే యా పలకపై నొక క్రొత్త కాగితమును మోపి మచ్చకు మచ్చకు గీతలు కలిపెను. గట్టులు వచ్చెను గాని యవి యెండిన పిడకలవలె బ్రాణము లేక పడియుండెను. మఱల గలిపెను. మఱల నదే. మాసములు గడచినవి. కన్నులు కాయలు కాచినవి. చించివైచిన కాగితములు గంపల నిండినవి. పొరుగు స్త్రీలు ముక్కుపై వ్రేలు వైచికొని "పాపము, తండ్రిపై బెంగతో మతి చలించినది" అని చెవులు కొఱుకుకొనిరి.

ఒకనా డామె విసిగి కుంచెను బడవైచి యలవాటు చొప్పున రాతిముందు గూర్చుండి మసి నూఱ మొదలిడెను. నూఱుచు నూఱుచు నెదుటి మచ్చలవంక జూచుచుండ దనకు దెలియకయే తన యూపిరి యొక నల్లమచ్చకడ నిలిచెను. దానిని దాటి వదలెను. తరువాతి మచ్చకడ మఱల నిలిచెను. ఆమె యదరిపడెను. కుంచె నిలిచినచోటనే గదా మసి క్రిందికి దిగునది! ఇంతకాల మామె యా మచ్చలను దండ్రి చేయి పోయిన త్రోవ లనుకొనెను. అవి త్రోవలు గావు. ఆగిన చోటులు. నడుమనున్న పరుగంతయు గాగితము నంటలేదు. దానిని జెవులలో దాచుకొన్నది తాను.

ఆ పూట సూహే కన్నులు మూసికొని తండ్రి యూపిరిని దలచుకొని దానితో దన యూపిరిని గలిపి కుంచె నెత్తెను. కన్ను తెఱచునప్పటి కీవలిగట్టు వచ్చియుండెను. తొట్టితో నిలిచిన వృద్ధురాలు నిజముగా నెవ్వరికొఱకో యెదురుచూచుచుండెను. సూహే కాగితమును ఱొమ్మున కదుముకొని యెలుగెత్తి యేడ్చెను. అది దుఃఖము గాదు, గెలుపు.

కాలక్రమమున నామె వసారాలో శిష్యులు చేరిరి. వంతెనతో గొట్టుకొనిపోయినవారి సంతానము మొదట వచ్చిరి. తరువాత నెవరెవరో వచ్చిరి. ఆడుబిడ్డ లనియు మగబిడ్డ లనియు నామె యెంచలేదు. మొదట మసి నూఱించును. పిదప గిటికీయెదుట గూర్చుండబెట్టి యూపిరి పట్టించును. ఆ తరువాతనే కుంచె. నిషిద్ధనామధేయుని కూతు రగుటచే దన చిత్రములపై ముద్ర నుంచుట కామెకు వీలు లేకపోయెను. గురువునకు లేని ముద్ర మాకేల యని శిష్యులును మానిరి. తూర్పుకిటికీ పలకను మాత్ర మామె ప్రాణమువలె గాపాడుకొనుచు నేటేట వెలుపల నొక క్రొత్త కాగితము నంటించి లోనిదానిని జెడనీయక నిలిపెను.

పెక్కేండ్లకు జక్రవర్తి మాఱెను. క్రొత్త ప్రభువు పట్టాభిషేకసందర్భమున గైదీలకు క్షమాదాన మొసగెను. అయినను మండలమున నధిపతి యా వెనుకటి కో యే. పటములపై శాసనము శాసనమే. ఒక హేమంతప్రభాతమున వసారాలో శిష్యులు పని చేయుచుండ నెముకలగూడైన యొక వృద్ధుడు కఱ్ఱ యూతతో వాకిట నిలిచెను. అతని దృష్టి గోడమీద నారుచున్న యొక గిరిచిత్రముపై బడెను. వెంటనే యతడు దానివైపు కఱ్ఱ చాచి "ఎవరు దాచిరి దీనిని? తగులబెట్టుడు! మీ ప్రాణములు దక్కవు!" అని యఱచెను.

ఆ గొంతు విన్నతోడనే సూహే చేతిలోని కుంచె జాఱెను. పరుగున బోయి పాదములపై బడెను. "అది మీది కాదు నాయనా. నాది."

షూబాయ్ నమ్మలేదు. గోడచెంతకు బోయి మసకబాఱిన కన్నులను జిట్లించి చాలసేపు చూచెను. "ఈ శిఖరముకడ నేనైన నాగియుందును. నీ వాగలే దేమి?"

"ఆగవలెనని తోచలేదు నాయనా."

వృద్ధుడు మఱల జూచెను. అతని పెదవులు కదలెను. "ఆగకుండుటయే మేలు" అనెను. అట్టి మాట యతడు తన జీవితమున నే చిత్రకారుని గుఱించియు ననియుండలేదు. సూహే యా మాటను బిదప బండుముదుసలి యగువఱకును దలచుకొని మురియుచుండెను.

అటుపై నామె తండ్రిని దూర్పుకిటికీకడకు గొనిపోయి పలకను జూపి పండితులవారు దాని వెలుతురుననే నిలిచి కాల్పుశాసనమును జదివిన వృత్తాంతమును జెప్పగా నతడు దగ్గు వచ్చునంతవఱకు నవ్వెను. సరిహద్దుమంచులో ఱాళ్లు మోసి మోసి వ్రేళ్లు వంకరలు తిరిగిన యా మనుష్యుడు నవ్వు నచ్చటనే పోగొట్టుకొని వచ్చె నని యందఱు ననుకొనియుండిరి. ఆ నవ్వుతో భయమును బోయెను. "మసి నూఱుమమ్మా" అనెను.

"కుంచె పట్టగలరా నాయనా?"

"గీయలేను. ఆగుట మాత్రము రాదా నాకు?"

వడకు చేతితో నతడు కుంచెను నిలువుగా బట్టి యాగవలసిన చోటులనెల్ల నొత్తెను. ఒక్కొక్క యొత్తునకు నూపిరి నిలిపెను. అతడు విడిచిన క్షణమున సూహే తన కుంచెతో బరుగందుకొనెను. శిష్యులు మసి నూఱుట మఱచి చూచిరి. తండ్రి నిలుకడయు గూతురి నడకయు నొక్క శ్వాసలో గలియగా మఱల నా గట్టులు, ఆ వృద్ధురాలు, ఆ కోడి జంకనున్న రైతు, నడుమ నా తెలుపు. ముగిసినపిమ్మట షూబాయ్ దానిని బడవరేవు పాకలో బదిమంది చూచునట్లు కట్టుడనెను.

"మఱల సరిహద్దునకు బంపుదురేమో నాయనా!" యని సూహే బెదరెను.

"పంపనీ. దారి యెఱిగినవాడనే గదా" అని యతడు చేతులు కడుగుకొనెను.

రేవున జనము చేరెను. వంతెనతో బోయినవారి బంధువులు పటముముందు నిలిచి తమవారి పేర్లు చెప్పుకొని యేడ్చిరి. ఈ సంగతి యధిపతి చెవిని బడుటకు జాలకాలము పట్టలేదు. ఎవడు గీసెనో తేల్చి వాని నీడ్చుకొని రమ్మని యతడు మఱల మెంగ్ పండితునే పంపెను. ఈ లోపల శిష్యులు తమంత తామే యొక పని చేసిరి. ఎవరి యింట వారు ఆ యేటినే చిత్రించి వాకిట గట్టుకొనిరి.

పండితుడు వృద్ధుడై యుండెను. అతడు రేవునుండి బయలుదేఱి వీథివెంట నడచుచుండ నింటింటి వాకిటను వంతెన లేని యేఱు కనబడెను. ఒకదాని గీత లేతగా నుండెను. ఒకదానిది మొఱటుగా నుండెను. అన్నిటిలోను నా యూపిరి యొక్కటియే. మూలలు తడవి చూచిన నెచ్చటను ముద్ర లేదు. చిత్రకారుల వాడకు వచ్చునప్పటి కతని నడక తగ్గెను. షూబాయ్ యింట బ్రవేశించి తూర్పుకిటికీయెదుట నిలిచినప్పటికి నడకయే నిలిచెను.

ఆ పలకనుండి వెలుతురు పడుచుండెను. క్రింద షూబాయ్ యెండ కాగుచు గూర్చుండియుండెను. సూహే ప్రక్కన నిలిచి "అయ్యవారు నాడును నిచ్చటనే నిలిచిరి" అని మాత్రము పలికెను.

పండితుడు రెండువైపుల మచ్చలను జూచెను. నడుమ దెలుపును జూచెను. తన యౌవనమునుండి తడవి తడవి యరగిన వ్రేళ్లను జూచుకొనెను. కన్నీరు తిరుగగా దుడుచుకొనుటకైన సిగ్గుపడలేదు.

"చిత్రకారు డెవ డయ్యా?" యని భటులనాయకుడు తొందరపెట్టెను. "ఇన్ని యిండ్లలో నేదో యొకటి వానిదే గదా. చెప్పుడు, పట్టుకొని పోదము."

మెంగ్ పండితుడు స్పష్టముగా నిట్లు పలికెను. "ముద్ర లేదు. నామము లేదు. ముద్ర లేనిది చిత్రము కాదని నేను వెనుకనే యీ యింట దీర్పు చెప్పితిని. చెప్పిన తీర్పును మార్చుట నాకు మర్యాద గాదు. వీథిలోని వన్నియు నట్టివే. పదుడు." భటులు వెలుపలికి బోయినపిమ్మట నతడు కిటికీకి నడుము వంగినంత వంగి నమస్కరించి వారి వెనుకనే వెడలెను. ఆ తరువాత నతడు పటముల మూలలు తడవి చూచినట్లు విన్నవారు లేరు.

పండితుని తీర్పు కాదని యెవ్వరినైనను బట్టుట కధిపతికి వీలు లేకపోయెను. షూబాయ్ మఱి రెండు హేమంతములు కూతురి యింట సుఖముగా జీవించి గతించెను. అధిపతి కో కట్టించిన వంతెన రాజధాని కాగితములలో మాత్రము నిలిచి యా కాగితములతోడనే చివికిపోయెను. వంశములు మాఱినవి. రాజధానులు మాఱినవి. ఆ మండలమున బుట్టిన చిత్రకారుడు మాత్ర మెంతవాడైనను దన పటముపై ముద్ర నొత్తడు. మసి నూఱి యూపిరి పట్టనిదే కుంచె ముట్టడు. ఎవని శిష్యుడవని యడిగినచో దల యెత్తి కిటికీవంక జూపును.

నేటికిని హేమంతము గడపలో నడుగిడు దినములలో నా నగరమున గంజివాసన లేచును. గురువుల యడుగుకాగితములను శిష్యులు కిటికీల కంటింతురు. వెలిమంచు కరగి సూర్యు డుదయింపగానే యింటింటను నల్లమచ్చలు మేలుకొనును. ఆ మచ్చల నడుమ వంతెన కూలిన చోటినుండియే వెలుతు రెక్కువగా లోనికి వచ్చును.